ఒళ్లు చల్లబడితే...

'ఒళ్లు చల్లబడింది' అన్న మాట వినపడితే చాలు, మన ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. డాక్టర్ల లెక్క వేరు. చలికి చల్లబడ్డ మనిషిని మళ్లీ వెచ్చబరిచి చూశాకే ఉన్నాడో, పోయాడో చెప్పాలంటారు.

1999 మే నెలలో అన్నా బోగెన్‌హోమ్ అనే స్వీడన్ డాక్టరమ్మ నార్వేలో స్కీయింగ్ చేస్తూ గడ్డకట్టిన వాగులో పడి, మంచు పలక కింద ఇరుక్కుపోయింది. ఎనభై నిమిషాలు! బయటికి తీసేసరికి గుండె కొట్టుకోవడం లేదు. ఆసుపత్రిలో చూస్తే ఒంటివేడి 13.7 డిగ్రీలు. మామూలుగా ఉండాల్సింది 37. ఆమె రక్తాన్ని యంత్రంలోకి మళ్లించి, వేడిచేసి తిరిగి ఎక్కించారు. బతికింది. తర్వాత అదే ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా చేరింది.

మనకంత మంచు ఎక్కడిదంటారా? లంబసింగి, ఆదిలాబాద్ చలి సంగతి అలా ఉంచండి. ఒంటివేడి 35 డిగ్రీలకు దిగువకు జారడానికి మంచే కురవనక్కర్లేదు. డిసెంబరు తెల్లవారుజామున స్నానాలగదిలో జారిపడి, తడి గచ్చు మీద లేవలేక ఉండిపోయిన తాతయ్యకు ఆ చలే ఎక్కువ. పాత పాదరసం థర్మామీటరుతో చూసినా లాభం లేదు. అందులో గీతలు మొదలయ్యేదే ఇంచుమించు అక్కడ.

మొదట వణుకు వస్తుంది. అది మంచిదే, ఒళ్లు తన వేడిని తానే పుట్టించుకుంటోందన్నమాట. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోతే భయపడాలి. మాట ముద్దగా వస్తుంది, గుండీ పెట్టుకోవడం చేతకాదు, అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతారు. చూసినవాళ్లు తాగాడనుకుంటారు. లేదంటే 'హమ్మయ్య, చలి తగ్గింది, కాసేపు పడుకోనివ్వండి' అని దుప్పటి కప్పి వెళ్లిపోతారు. రెండోది మరీ ప్రమాదం.

ఇలాంటప్పుడు అరికాళ్లూ అరచేతులూ గట్టిగా రుద్దడం మన అలవాటు. ప్రేమతోనే చేస్తారు గానీ వద్దు. చల్లబడ్డ గుండె కుదుపులకు లయ తప్పుతుంది. 108కి ఫోన్ చేసి, తడిబట్టలు మెల్లగా తీసి, కింద బొంత వేసి, తలతో సహా పొడి దుప్పట్లు చుట్టాలి. ముందు ఛాతీకి వెచ్చదనం అందాలి. తెలివిగా ఉండి మింగగలిగితే తియ్యటి వేడి పాలు పట్టొచ్చు. బ్రాందీ మాత్రం వద్దు. పైకి వెచ్చగా అనిపిస్తుందే కానీ, చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని లోపలున్న వేడి కూడా పోతుంది. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టారో, ఆ పొగ ఇంకో చావు.

బాగా చల్లబడిన వాళ్లకు ఊపిరి తెలియనంత నెమ్మదిగా ఆడుతుంది. నిమిషంపాటు ఓపిగ్గా గమనించాలి. ఊపిరి లేకపోతే 108 వాళ్లు వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూనే ఉండాలి, ఒళ్లు చేతికి ఎంత చల్లగా తగిలినా సరే.