కొఠారి వారి అబ్బాయి

ఇంకాస్త మంట దగ్గరికి జరగండి. ధనుర్మాసం తెల్లారుజామున మా కోడుమూరులో చలి బాగానే ఉంటుంది. కందికట్టె ఇప్పుడిప్పుడే అంటుకుంది.

రాత్రి టెక్సాస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసినాడు. వాడికి బేస్‌బాల్ పిచ్చి పట్టింది. "మామా, షోహెయ్ ఒహ్తాని అని జపాన్ ఆయన. బంతీ ఆయనే వేస్తాడు, బ్యాటూ ఆయనే పడతాడు. 2021లో 46 హోమ్‌రన్లు కొట్టినాడు, పిచర్‌గా 9 మ్యాచ్‌లు గెలిచినాడు. అట్లాంటోడు మనకున్నాడా?" అన్నాడు.

ఎందుకు లేడబ్బా! క్రికెట్‌లో కొఠారి కనకయ్య నాయుడు, మన సి.కె. పుట్టింది నాగపూర్‌లో, 1895లో. అయినా తెలుగింటి బిడ్డ. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్, కెప్టెన్సీ, అన్నీ ఆయనే. శెనక్కాయ చేన్లో మనం కంది సాళ్లు వేయమా? వాన మొహం చాటేసి ఒకటి పోయినా ఇంకోటి చేతికొస్తుంది. ఆయన ఆట అట్లాంటిది: ఫస్ట్‌క్లాస్‌లో 11 వేల పైచిలుకు పరుగులు, 400 దాటి వికెట్లు.

1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచొచ్చిన ఎం.సి.సి. బౌలర్లను ఎట్లా ఉతికినాడో చెప్తా వినండి. హిందూ జట్టు తరఫున రెండు గంటలు కూడా నిండకుండానే 153. అందులో సిక్సర్లే 11! తెల్లోళ్లు ఏలుతున్న రోజులవి. ఒక్కో బంతి మైదానం దాటుతుంటే చూసినోళ్ల గుండె ఎంత పొంగి ఉంటుందో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆరేళ్లకు, 1932లో, లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు కెప్టెన్ ఆయనే. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా బ్యాటు పట్టి 40 చేసినాడు. ఆ ఇన్నింగ్స్‌లో మనోళ్లలో అదే ఎక్కువ. ఆ తర్వాత హోల్కర్ జట్టుకు రంజీ ట్రోఫీలు తెచ్చిపెట్టినాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇంకోటుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మన కర్నూలు రాజధాని. ఆ సీజన్లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగింది. కొత్త జట్టు, అనుభవం లేని కుర్రాళ్లు. వాళ్లను నడిపించడానికి వచ్చింది ఎవరనుకున్నారు? 58 ఏళ్ల సి.కె.! ఆ వయసుకు మా తాతలు కాడి కొడుకులకిచ్చి మంచమెక్కేవాళ్లు. ఆయన అక్కడితోనూ ఆగలేదు, 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున ఆడినాడు.

ఇదంతా చెప్తే ఫోన్లో కాసేపు మాట లేదు. ఆనక, "మామా, ఆయన ఆట ఫిల్మ్ ఏమన్నా ఉంటే పంపు" అన్నాడు. వెతుకుతున్నా. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. ఆ కట్టె ఇటు తోయండి, మంట తగ్గుతోంది.