పక్కన పెట్టిన వాల్వు

పాత రేడియోలు పోగుచేసేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్... చెక్క పెట్టె తుడిచి హాల్లో పెట్టుకుంటే అందమే. నా పిచ్చి ఇంకోటి. ఆ రేడియోలకి జబ్బు చేస్తే పరీక్ష చేసిన పెట్టెలు కావాలి నాకు. వాల్వు టెస్టర్లు, సిగ్నల్ జనరేటర్లు, ఏవో మీటర్లు. ఇంటికొచ్చినవాళ్ళు వాటిని చూసి కరెంటు మీటరు లోపలెందుకు పెట్టించారని అడుగుతుంటారు.

ట్రాన్సిస్టర్ రాకముందు రేడియోకి ప్రాణం వాల్వులే. గాజు బుడ్డిలో ఎర్రగా వెలిగే ఫిలమెంటు, అది వేడెక్కించే కాథోడు, దాని పూత నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పూత నీరసిస్తుంది, రేడియో గొంతూ తగ్గుతుంది. బల్బులాగా ఒక్కసారి మాడిపోతే గొడవే లేదు. మెల్లగా పోయేదాన్ని పోయిందని ఎవరు తేల్చాలి? టెస్టరు తేల్చాలి. చవక టెస్టరు అయితే గ్రిడ్లన్నీ ప్లేటుతో కలిపేసి ఎంత కరెంటు వస్తోందో చూపిస్తుంది. ఏవో, హికాక్ లాంటి ఖరీదైనవి గ్రిడ్ వోల్టేజి కాస్త కదిపి, దానికి ప్లేటు కరెంటు ఎంత కదిలిందో కొలుస్తాయి. మొదటిది నాడి చూసే వైద్యం, రెండోది మెట్లెక్కించి చూసే వైద్యం. కొన్ని అమెరికా టెస్టర్ల డయలు మీద 'మార్చాలి'కీ 'బాగుంది'కీ మధ్య ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. నాకు ఆ గుర్తంటే గౌరవం.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కరెంటు లేని ఊళ్ళలో బ్యాటరీ సెట్లే గతి. వాటికి ఫిలమెంట్ల కోసం ఒక బ్యాటరీ, ప్లేట్ల కోసం 90 వోల్టులది ఇంకొకటి. లంక ఊళ్ళవాళ్ళకి సెట్టు మూగబోతే దాన్ని ఒళ్ళో పెట్టుకుని పడవలో గోదావరి పాయ దాటడమే. అవతల మెకానిక్ 'వాల్వు పోయింది' అంటే పోయినట్టే. సూది ఎటు తిరిగితే డబ్బు అటు.

అమలాపురంలో అలాంటి ఒక మెకానిక్ గారి టెస్టరు నాకు దొరికింది. కొన్నది కాదు, ఆయనే రేకుపెట్టెలో కట్టుకున్నది. వాళ్ళావిడ, "ఆయ్, పట్టుకెళ్ళండి బాబూ. వాల్వు మార్చేయండని జనమే అడిగినా మార్చేవారు కాదండీ ఈయన. ఇంక మేడేం కడతాం?" అన్నారు. పెట్టెతో పాటు ఒక నోటుబుక్కు, దూదిలో చుట్టిన ఇ.ఎల్.84 వాల్వు ఇచ్చారు.

నోటుబుక్కు తిరగేస్తే సంగతి తెలిసింది. ఆ వాల్వుని ఆయన ఏ రేడియోలోనూ పెట్టలేదు. నెలకోసారి టెస్టరులో పెట్టి అంకె రాసుకునేవారు. మొదటి పేజీలో 72. తర్వాత 70, 67... చివరికి 58. నెలకి రెండు నిమిషాలు వెలిగే వాల్వు అంతలా అరగదు. తగ్గుతున్నది టెస్టరే. అందులోని సెలీనియం రెక్టిఫయరు ముసలిదవుతోంది. అందుకని ఆయన రెండో వరస గీసుకున్నారు. ఎవరి వాల్వు తెచ్చినా సూది చూపిన అంకె ఒక వరసలో, సరిచేసిన అంకె రెండో వరసలో. సూది మాటే వింటే మార్చాల్సిన వాల్వులు, రెండో వరసలో బతికి బయటపడ్డాయి. పేజీల కొద్దీ ఉన్నాయి అలాంటివి.

ఆ ఇ.ఎల్.84ని నా ఏవోలో పెట్టి చూశాను. పుస్తకం ప్రకారం 11.3 ఉండాలి, దాదాపు 11 చూపించింది. వాల్వు నిక్షేపంలా ఉంది. (మరి ఏవోని ఎవరు పరీక్ష చేశారని అడక్కండి, మా గోలలో అది తెగని ప్రశ్న.)

హైదరాబాద్‌లో నాలాంటి పిచ్చి ఉన్న మిత్రుడొకడు, సెలీనియం పీకి సిలికాన్ డయోడు వెయ్యమంటాడు. "ఖర్చు పది రూపాయలు లేదురా. అది కాలిందంటే కంపే కాదు, విషం." నిజమే. కానీ వేస్తే సూది పైకి లేస్తుంది, ఆ రెండో వరసకీ పెట్టెకీ సంబంధం తెగుతుంది. వెయ్యకపోతే ఏదో ఒక రోజు పొగొస్తుంది. ఇప్పుడైతే స్విచ్చి వేసినప్పుడల్లా పక్కనే కూర్చుంటున్నాను, రెండు నిమిషాలు మించనివ్వను. డయోడు కొన్నాను. సెల్లోటేపుతో పెట్టె వెనక అంటించి ఉంచాను. మొన్న సూది 49 దగ్గర ఆగింది.