మానిక కడుపు

మొన్న ఫజర్ నమాజ్ అయ్యాక చాయ్ పెడుతుంటే మా పెద్దమ్మాయి కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకుని ఏడుస్తోంది. ఇంటర్ మొదటి సంవత్సరం.

"అమ్మీ, ఈ మోల్ నాకు ఎక్కదు. సైన్సు మానేస్తా."

లెక్క చూశాను. 9 గ్రాముల నీళ్లలో ఎన్ని అణువులు? పిల్ల 9ని తీసుకెళ్లి నేరుగా 6.022×10²³తో గుణించేసింది. గ్రాములనే మోల్స్ అనుకుంది.

"బేటీ, తస్బీహ్‌లో ఎన్ని దానాలు?" అన్నాను.

"వంద."

"డజనంటే 12, నీ తస్బీహ్ అంటే 100, మోల్ అంటే 6.022×10²³. అది బరువు కాదు, గింతీ. డజను నిమ్మకాయలు, డజను పనసకాయలు లెక్కలో ఒకటే, బరువులో ఒకటా? నీళ్ల మోల్ 18 గ్రాములు. కార్బన్ డయాక్సైడ్ మోల్ 44. మన బొర్రా గుహల సున్నపురాయి ఉందే, కాల్షియం కార్బొనేట్, దాని మోల్ 100 గ్రాములు."

కళ్లు తుడుచుకుంది. 9ని 18తో భాగించింది. అర మోల్. దాన్ని ఆ పెద్ద అంకెతో గుణించింది. 3.011×10²³. ముందు భాగించాలి, తర్వాత గుణించాలి. అంతే హిసాబ్.

"బొర్రా గుహల్లో నెత్తిన చుక్క పడిందని అరిచావు గుర్తుందా? చుక్క 0.05 గ్రాములనుకో. అందులో ఎన్ని?"

తనే చేసింది. సుమారు 1.67×10²¹. నోరు తెరిచింది. భూమ్మీద 800 కోట్ల మందీ క్షణానికో దానా చొప్పున ఆగకుండా తిప్పినా ఒక్క మోల్ లెక్క పూర్తవడానికి దాదాపు 24 లక్షల ఏళ్లు పడుతుందని చెప్పాను. "సుబ్హానల్లాహ్" అంది. ఇంత చిన్నవి ఇన్ని చేరితేనే ఒక గుక్కెడు నీళ్లు.

అక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ ఆ మాట నన్ను అరకు సంతకు తీసుకెళ్లింది.

మా అబ్బా శృంగవరపుకోట నుంచి ఘాట్ ఎక్కి ఆ సంతకు వెళ్లేవారు. సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేవారు. కొండ మీది గిరిజనులు మిరియాలు, పసుపు, వలిసెలు తెచ్చేవారు. తరాజు కాదు, మానికతో కొలత. అబ్బా మానికతో కొని కోటలో కిలోల్లో అమ్మేవారు. ఒకసారి ఒక ముసలామె తన మానిక తెచ్చుకుంది. మా మానిక నింపిన మిరియాలను తన దాంట్లో పోసింది. గుప్పెడు కింద పడ్డాయి.

"సాయిబూ, నీ మానిక కడుపు పెద్దది" అంది. అంతే. పోట్లాడలేదు.

అబ్బా నవ్వేశారు. అడుగు లోపలి నుంచి సుత్తితో కొట్టి బయటికి ఉబ్బించినదని ఆ రాత్రి అమ్మీ చెప్పింది. "గుప్పెడే కదా" అన్నారు అబ్బా. అయిదు పూటలా నమాజ్ తప్పని మనిషి. ఆ గుప్పెడు ఆయనకు కనిపించలేదు.

ఇదంతా అమ్మాయికి చెప్పేశాను. అది పెన్ను కింద పెట్టలేదు. "గుప్పెడు 25 గ్రాములా? సంతకు 40 మానికలా? సీజన్‌కు పది సంతలా? ఎన్నేళ్లు చేశారు నానా?"

"పన్నెండు."

"120 కిలోలు, అమ్మీ."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. సూరె జిల్‌జాల్‌లో జర్రా మాట చిన్నప్పటి నుంచి చదువుతున్నా. ఎవరూ లెక్క పెట్టనంత చిన్నదానికీ అక్కడ లెక్క ఉంటుందన్నది ఆ రోజే నాకు అర్థమైంది.

హక్‌దారులు ఎవరో, ఎక్కడున్నారో ఇప్పుడు తెలియదు. ఇచ్చేయడానికి మనిషి దొరకనప్పుడు వాళ్ల పేరున ఖైరాత్ చేయాలని మౌల్వీసాబ్ చెప్పారు. 120 కిలోల మిరియాలకు ఇవాళ్టి ధర కట్టాం. ఒక్కసారిగా ఇవ్వలేం. నెలనెలా కొంత తీసి ఆ కొండ పిల్లల పుస్తకాలకు ఇస్తున్నాం.

అబ్బా మగ్ఫిరత్ కోసం దువా చేయండి. ఆ మానిక ఇంకా మా అటక మీదే ఉంది. పారేయొద్దంది అమ్మాయి. అది సైన్సు మానలేదు.