టైలు కింద నేల

ఈ కొన్నేళ్లుగా మా పాడేరు వైపు ఊళ్లలో కొత్త ఇల్లంటే టైళ్ల ఇల్లే. కాఫీ, మిరియాల డబ్బు చేతికొచ్చే నెలల్లో ఘాట్ రోడ్డు మీద టైళ్ల పెట్టెలు మోసుకొచ్చే ఆటోలు వరసగా కనిపిస్తాయి. చాలా పెట్టెల మీద గుజరాత్‌లోని మోర్బీ పేరుంటుంది. అంత దూరం నుంచి పగలకుండా వచ్చిన టైలు మన ఇంట్లోకి చేరాక రెండేళ్లకే ఎందుకు పగులుతోంది? బడి నుంచి వస్తూ పోతూ ఇలాంటి నేలలు చాలా చూశాం. చూసినవీ, మంచి మేస్త్రీల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాం.

అసలు మనకు టైళ్లెందుకు అనేవాళ్లున్నారు. మేము ఆ మాట ఒప్పుకోము. అలికిన నేల అందంగా ఉంటుంది, నిజమే. అయితే పేడ తెచ్చి, ఎర్రమట్టి తవ్వి తెచ్చి, పండగ ముందు ఇల్లంతా వంగి అలికేది మన అమ్మలూ అక్కలూ. పైనుంచి కారులో వచ్చి ఫోటో తీసుకుని వెళ్లేవాళ్లకు ఆ నడుం నొప్పి తెలియదు. అలికిన చేతులు ఇక చాలంటే, వద్దనడానికి మనమెవరం? కాకపోతే రెండేళ్ల కాఫీ డబ్బు పోసి వేయించుకున్న నేల పదికాలాలు ఉండాలి కదా.

టైలు నేల కాదు. నేల మీద పొర, అంతే. ఈ సంగతి మన అమ్మమ్మలకు బాగా తెలుసు. పూర్వం ఇంటి నేల వేసేటప్పుడు మట్టి ఒకేసారి కుమ్మరించేవారు కాదు. ఒక పొర పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, అది బిగిశాక ఇంకో పొర. అలుకు ఆఖరున. ఇప్పుడేం జరుగుతోంది? పునాది గోడల మధ్య రాళ్లూ మట్టీ కలిపి ఒకేసారి నింపేస్తారు. పైన పల్చగా సిమెంటు వేసి ఆ వారమే టైళ్లు పరుస్తారు. మన దగ్గర వాన మామూలు వాన కాదు. మొదటి వానాకాలానికే లోపలి మట్టి నీరు తాగి కుంగుతుంది, పైన సిమెంటు పొర గాల్లో వేలాడుతుంది. ఒకరోజు బియ్యం బస్తా దించగానే గది మధ్యలో గీత గీసినట్టు పగులు. అప్పుడు టైలు కంపెనీని తిట్టుకుంటాం.

అందుకని మట్టిని అరడుగు చొప్పున పొరలుగా పోయించి, తడిపి, దిమ్మిస కొట్టించండి. వీలైతే ఒక వానాకాలం అలాగే వదిలేయండి. ఆ తర్వాత మూడు నాలుగు అంగుళాల కాంక్రీటు, దాని మీద టైళ్లు. గృహప్రవేశం ముహూర్తం దాటిపోతుందని తొందరపడకండి. గచ్చు నేల మీద పాలు పొంగిస్తే ఏ దేవతా కాదనదు.

గోడ మాటకొస్తే, మన ఇళ్లకు మైదానంలో లేని చిక్కు ఒకటుంది. కొండ వాలు తవ్వి చదును చేసి ఇల్లు కడతాం. వెనక గోడ కొండకు ఆనుకునో, దగ్గరగానో ఉంటుంది. వాన పడ్డన్నాళ్లూ కొండ ఊట ఆ గోడలోకి దిగుతూనే ఉంటుంది. ముందు చెమ్మ, తర్వాత తెల్లగా ఉప్పు. ఆ గోడకు వంటగది టైళ్లు అంటిస్తే చెమ్మ కనపడకుండా పోతుంది గానీ లోపలున్నది లోపలే ఉంటుంది. కొన్నాళ్లకు టైలు దానంతటదే ఊడి గిన్నెల మీద పడుతుంది. టైలు కొనే ముందు గోడ వెనక కాలువ తవ్వించి, ఊట పక్కకు పోయేలా చేయాలి. పాత మట్టి గోడ మీద టైళ్లు అంటించే ఆలోచన అసలే వద్దు. మట్టి గోడ మీద సిమెంటు పూత నిలవదు, పూతే నిలవనిచోట టైలు ఎలా నిలుస్తుంది?

ఇసుక సంగతి బడిలో పిల్లలతోనే చేయించాం. గెడ్డ నుంచి తెచ్చిన ఇసుకను గాజు సీసాలో సగం దాకా పోసి, నీళ్లు నింపి, బాగా కుదిపి కదపకుండా పెట్టాలి. ఇసుక అడుగుకు దిగుతుంది, దాని మీద మట్టి సన్నటి పొరగా తేలుతుంది. ఆ పొర మందంగా ఉంటే ఇసుక కడగాల్సిందే. అయిదో తరగతి పిల్లలు ఈ పని చేసి ఇళ్లకు వెళ్లి నాన్నలను నిలదీశారు. పాఠం అంటే అదీ.

లెక్క కూడా పిల్లలకే ఇవ్వొచ్చు. రెండడుగుల పలక టైళ్లు పెట్టెకు నాలుగు వస్తాయి, పెట్టె పదిహేనున్నర చదరపు అడుగులు పరుచుకుంటుంది. పదికి పన్నెండు గది నూట ఇరవై అడుగులు, అంటే ఎనిమిది పెట్టెలు. కోతల్లో పోయేదానికి, రేపు ఒకటి పగిలితే మార్చడానికి ఇంకొకటి కలుపుకుని తొమ్మిది. తక్కువ తెచ్చి, మళ్లీ కొండ దిగి అదే రంగు టైలు అడిగితే దొరకదు. పెట్టె మీద బ్యాచి, షేడు నంబర్లు ఉంటాయి. అన్ని పెట్టెలకూ అవి ఒకటే ఉన్నాయో లేదో దుకాణంలోనే చూడాలి. చదువుకున్న పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్లేది ఇందుకే. ఘాట్‌లో ఆటో కుదుపులకు పగిలేవి పగులుతాయి కాబట్టి ఆటో వెనక్కి వెళ్లకముందే పెట్టెలు తెరిచి చూసుకోండి. ఇంట్లో పెట్టెలను పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి.

ఇక అంటించడం. మామూలు సెరామిక్ గోడ టైలు నీళ్లు పీలుస్తుంది. సిమెంటుతో అంటించేటప్పుడు దాన్ని ముందు తొట్టిలో నానబెట్టాలి. బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి. లేకపోతే సిమెంటులోని తడినంతా తనే తాగేస్తుంది, పట్టు ఉండదు. నేల మీద వేసే నున్నటి విట్రిఫైడ్ టైలు దీనికి ఎదురు. అది నీళ్లు పీల్చదు కాబట్టి ఉత్త సిమెంటు పాలతో సరిగ్గా పట్టదు, దానికి బస్తాల్లో అమ్మే టైలు జిగురు వాడితే మంచిది. ఏదైనా సరే, టైలు వెనక నిండా పూయాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒక ముద్ద పెట్టి అదిమేసే మేస్త్రీలున్నారు. పని చకచకా సాగుతుంది. ముద్దల మధ్య ఖాళీ మిగులుతుంది. మర్నాడు రూపాయి బిళ్లతో తట్టి వినండి, నిండుగా ఉన్నచోట గట్టి శబ్దం, ఖాళీ ఉన్నచోట గుల్ల శబ్దం. తెల్ల సిమెంటుతో సందులు పూడ్చకముందే, కూలి డబ్బు ఇవ్వకముందే తట్టండి. మేస్త్రీకి కోపం వస్తే రానివ్వండి. మన డబ్బుతో జరిగే పనిని మనం తట్టి చూసుకోవడానికి మొహమాటం దేనికి? కింద నుంచి వచ్చిన మేస్త్రీ ఎదుట నోరు తెరవలేక తలూపడం మన పెద్దల్లో చాలా చూశాం.

టైలుకూ టైలుకూ మధ్య ఒక సన్నటి సందు, రెండు మిల్లీమీటర్లయినా, ఉండాలి. సందు లేకుండా అతికిస్తే చూపుకు బాగుంటుంది. కానీ లంబసింగి చలికి ముడుచుకుని, ఏప్రిల్ ఎండకు సాగే నేలలో టైళ్లు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి.

స్నానాల గదిలో వాలు ముఖ్యం. నాలుగడుగులకు ముప్పావు అంగుళం దిగితే నీరు నిలవదు. టైలు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చెంబెడు నీళ్లు పోసి ఎటు పోతాయో చూడాలి. అక్కడా, వసారాలోనూ మెరిసే టైలు వద్దు, గరుకుదే తీసుకోండి. మా పక్కింటి ముసలమ్మ తడి పాదంతో కొత్త వసారా ఎక్కి, "ఏటిరా, ఇల్లు కట్టారా, చేపల చెరువు కట్టారా? కాలు నిలవట్లేదు" అంది. అందరం నవ్వాం. తుంటి విరిగి ఉంటే విశాఖపట్నం దాకా మోసుకెళ్లాల్సి వచ్చేది.

అన్ని గదులకూ టైళ్లు వేయాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. కట్టెల పొయ్యి పెట్టేచోట టైలు వేడికి చిట్లుతుంది. రోలూ రోకలీ ఉన్నచోట దెబ్బకు పగులుతుంది. చలికాలంలో నిప్పు చుట్టూ కింద కూర్చునే మన ముసలివాళ్లకు టైలు మంచుగడ్డలా ఉంటుంది. ఇంటి ప్లాను గీసేటప్పుడే వాళ్లనడిగి, ఒక మూల మట్టి నేలో, గచ్చో ఉంచడం మంచిది. ప్రభుత్వం ఇచ్చే ఇళ్లకూ ఇదే మాట. 2023లో మొదలైన జన్‌మన్ పథకం ఇంటికి రెండు లక్షలు ప్రకటించింది. ఆ డబ్బులో టైళ్ల కోసం పునాది తగ్గించుకున్న ఇల్లు మాకు తెలుసు.

పదో తరగతి అయ్యి ఖాళీగా ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. మా ఊళ్లలో టైళ్ల పని వచ్చినప్పుడల్లా మేస్త్రీ నర్సీపట్నం నుంచో, అనకాపల్లి నుంచో వస్తున్నాడు. సిమెంటు కలిపేదీ, టైళ్లు మోసేదీ మన పిల్లలు. రసమట్టం, మూలమట్టం పట్టుకోవడం మీ లెక్కల పుస్తకంలో ఉన్న పాఠమే. పది ఇళ్లు మోశాక పదకొండో ఇంట్లో తాపీ అడగండి. కోత యంత్రం పట్టే రోజు వస్తే మాత్రం పొడిగా కోయకండి. ఆ తెల్లటి దుమ్ములోని సిలికా పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. దానికి వైద్యం లేదు. పక్కన ఒక మనిషిని పెట్టుకుని నీళ్లు పోయిస్తూ కోయండి, ముక్కుకు తువ్వాలు కాదు, సరైన మాస్కు కట్టుకోండి. అది మేస్త్రీ ఇవ్వకపోతే, కూలి మాట్లాడుకునేటప్పుడే అడగండి.