మేఘాల్లో మూడో ఎక్కం

ముప్ఫై యేళ్ళు బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అటువంటి నా యింట్లో, మనవడికి లెక్కల్లో 35 మార్కులొస్తే నాకెలా వుంటుందో మీరే ఊహించండి. "ఎక్కాలు రాని మొద్దువి! కంప్యూటర్లో విమానం నడపడం మాత్రం వస్తుంది!" అని నలుగురిలో అనేశాను. వాడు మారు మాట్లాడలేదు. తరవాత వారం రోజులు నాతో అసలు మాట్లాడనే లేదు.

మా ఆవిడ పోరు పడలేక ఓ సాయంత్రం నేనే వాడి గదిలోకి వెళ్ళాను. తెరమీద చిన్న సెస్నా విమానం. గన్నవరం నుంచి శంషాబాదుకి 10,000 అడుగుల ఎత్తున పోతోంది. చుట్టూ తెల్లటి మబ్బు. ఎదుట గడియారాల్లాంటి పరికరాలు తప్ప మరేమీ కనిపించదు.

"ఇది వట్టి ఆట కాదు తాతయ్యా! 1929లో ఎడ్విన్ లింక్ అనే ఆయన అమెరికాలో నేలమీంచి కదలని ఉత్తుత్తి విమానం తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధం నాటి పైలట్లు మబ్బుల్లో నడపడం అందులోనే నేర్చుకున్నారు" అన్నాడు.

నేను కాగితం, కలం అందుకోబోతే ఆపాడు. "కళ్ళు పరికరాల మీదే వుండాలి. నువ్వు కాగితం చూసేలోగా రెక్క వాలిపోతుంది. నోటిలెక్కే గతి!"

గంటకి 120 మైళ్ళంటే (ఇవి సముద్రపు మైళ్ళు) నిమిషానికి 2 మైళ్ళు. దిగవలసిన ప్రతి 1,000 అడుగులకీ 3 మైళ్ళ ముందుగా దిగడం మొదలుపెట్టాలి. వెనక్కి తిరగాలంటే, పోతున్న దిక్కు అంకెకి 200 కలిపి 20 తియ్యాలి. ఆ అంకె 180 దాటితే 200 తీసి 20 కలపాలి. ఇవీ వాడి సూత్రాలు.

"అయితే చెప్పు, ఎక్కడ దిగడం మొదలెడదాం?" అన్నాడు.

"పదిమూళ్ళు ముప్ఫై. ముప్ఫై మైళ్ళ ముందు!" అన్నాను ఠక్కున.

వాడు నా మొహంలోకి చూసి వూరుకున్నాడు. సరిగ్గా 30 మైళ్ళ దగ్గర ముక్కు వంచాడు. 15 నిమిషాల్లో 10,000 అడుగులు, అంటే నిమిషానికి సుమారు 670. పన్నెండో నిమిషం గడిచింది. అల్టిమీటరు ఇంకా 2,000 అడుగులు చూపిస్తోంది. నేను నిశ్చింతగా కూర్చున్నాను.

తెర నల్లబడింది. విమానం కూలిపోయింది!

"అల్టిమీటరు చెప్పేది సముద్రమట్టం నుంచి ఎత్తు, తాతయ్యా. గన్నవరం నేల 100 అడుగుల లోపే. శంషాబాదు నేలే 2,000 అడుగుల ఎత్తున వుంది. అందుచేత దిగవలసింది ఎనిమిది వేలే. ఎనిమిదిమూళ్ళు ఇరవైనాలుగు."

తీసివేత మరిచిపోయాను! విమానాశ్రయం ఇంకా 6 మైళ్ళుండగానే నేలకి కొట్టేశాను. బడిలో ఇలాంటి తప్పుకి ఎంతమంది చెవులు మెలేశానో!

"తెలిసీ చెప్పలేదేంరా?"

"చెబితే వినేవాడివా? అయినా ఇక్కడ నలుగురూ లేరుగా!" అన్నాడు మెల్లిగా.

నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ వింటూండగా ఆ 6 మైళ్ళ సంగతి నేనే చెప్పాను. మొద్దన్న మాట వెనక్కి తీసుకున్నాను. వాడు తలెత్తలేదు గాని, పెరుగన్నం మరో ముద్ద ఎక్కువే తిన్నాడు.

ఇప్పుడు మాదొక ఒప్పందం. పొద్దున్న వాడికి నేను బీజగణితం, సాయంత్రం నాకు వాడు విమానం. నిన్న శంషాబాదులో క్షేమంగా దిగాను. మా ఆవిడ మాత్రం పక్క కుర్చీలో కూర్చోనంటోంది!