రామగుండం ఎండలో రెండు వర్క్‌స్టేషన్లు

మే నెలలో రామగుండం వెళ్తున్నానంటే తెలిసినవాళ్లు ఎందుకని అడగరు, మతి పోయిందా అంటారు. మాకు మాత్రం ఆ నెలే కావాలి. ఓపెన్‌కాస్టు గనుల దగ్గర డ్రోన్ ఎగరేసి, మట్టి దిబ్బల ఘనపరిమాణం లెక్కకట్టే చిన్న బృందం మాది. లక్షలు పోసి వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ కొనబోతున్నాం. అది పనిచేయాల్సింది గని పక్కన రేకుల షెడ్డులో. ఆ ఎండకు ఆగని యంత్రం డిసెంబరులో ఎంత పరుగెత్తితే ఏం లాభం?

ముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. సీటీసీ అంటే ఆటోవాళ్లకి కూడా తెలుసు. తెలిసిన డీలర్ ఒకాయన రెండు డెమో యంత్రాలు బయటపెట్టాడు. ఒకటి పలచనిది, సంచిలో పెడితే ఉన్నట్టే తెలియదు. రెండోది మూడు కిలోల మోత, చార్జర్ అదనం. పలచనిదానిలో ఇంటెల్ ఐ9-13900హెచ్, అంటే 14 కోర్లు. లావుదానిలో ఐ9-13950హెచ్ఎక్స్, 24 కోర్లు. గ్రాఫిక్స్ చిప్ పేరు మాత్రం రెంటిలోనూ ఒకటే: ఎన్‌విడియా ఆర్టీఎక్స్ 5000 అడా, 16 జీబీ.

తిరకాసంతా ఆ పేరులోనే ఉంది. డెస్క్‌టాప్‌లో ఇదే పేరుతో వచ్చే కార్డుకి 12,800 కుడా కోర్లు, 32 జీబీ మెమరీ, 250 వాట్లు. ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసరికి కోర్లు 9,728, మెమరీ సగం. ఆపైన ఆ చిప్‌కి ఎన్ని వాట్లు ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ల ఇష్టం. 80 నుంచి 175 దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. డబ్బా మీద ఆ అంకె వేసేవాళ్లు తక్కువ. మా పలచనిది కింది అంచుకు దగ్గర, లావుది పై అంచుకు దగ్గర. ధరలో తేడా చూస్తే కొనేవాడికి ఆ సంగతి తట్టే వీలే లేదు.

డీలర్ ఒక యంత్రభాగం మోడల్ తెరిచి గిరగిరా తిప్పి చూపించాడు. రెండింటిలోనూ నున్నగా తిరిగింది. తిరక్కేం చేస్తుంది? ఆ పని చాలావరకు ఒక్క కోర్ మీదే నడుస్తుంది, ఆ విషయంలో రెండూ సమఉజ్జీలే. తర్వాత ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 పెట్టాడు. మామూలుగా అది పది నిమిషాలు ఆగకుండా నడవాలి. ఆయన ఆ గడువు తీసేసి ఒక్క రౌండుతో సరిపెట్టబోయాడు. "అన్నా, దాన్ని అట్లాగే ఉంచు" అన్నాను. "ఏసీలనే ఉన్నం గద సార్, ఎంతసేపు పెట్టినా గంతే" అని నవ్వాడు. ఏసీలో ఆయన మాట చాలావరకు నిజమే. పది నిమిషాల తర్వాత కూడా రెండింటి అంకెలు పెద్దగా పడలేదు. అందుకే రెండింటినీ అడిగి తీసుకుని కాగజ్‌నగర్ వైపు వెళ్లే రైలెక్కాం.

రైల్లో బ్యాటరీ సంగతి తేలింది. బోగీలో సాకెట్ ఉంది గానీ అది ఫోన్ల కోసం పెట్టింది. 230 వాట్ల చార్జర్ దాంట్లో గుచ్చే ధైర్యం నాకు లేదు. విమానంలో 100 వాట్-అవర్లు దాటిన బ్యాటరీకి ప్రత్యేక అనుమతి కావాలి కాబట్టి, ఎంత పెద్ద ల్యాప్‌టాప్‌లోనైనా బ్యాటరీ ఆ గీత లోపలే ఆగిపోతుంది. యంత్రం 180 వాట్లు తాగితే అది అరగంట మాట. కాబట్టి ప్లగ్ తీయగానే అదే తన వేగం తగ్గించుకుంటుంది. కాజీపేట దాటేసరికి లావుదాని బ్యాటరీ అడుగంటింది. పలచనిదానిలో మాత్రం ఫోటోలు ఏరడం, నేల మీది గుర్తులు సరిచూడడం పెద్దపల్లి వచ్చేదాకా హాయిగా సాగింది. ప్రయాణాల్లో పనిచేసేవాళ్లకి అదే మేలని అక్కడే అనుకున్నాం.

రామగుండంలో దిగేసరికి మధ్యాహ్నం. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఉన్న ఊళ్లో, మేమున్న షెడ్డుకి వోల్టేజి మాత్రం స్టెబిలైజర్ లేకుండా నిలబడలేదు. బల్ల మీది థర్మామీటర్ 40 దాటింది. ఇలాంటి ల్యాప్‌టాప్‌ల మాన్యువళ్లలో వాడకానికి సాధారణంగా రాసే పరిమితి 35 డిగ్రీలు. మన పల్లెల్లో మూడు నెలలు ఆ గీత పైనే బతుకుతాం.

గని ఫోటోల కట్ట రెండింటికీ ఒకేసారి అప్పగించాం. మేం వాడే మెటాషేప్ సాఫ్ట్‌వేర్ ముందుగా ఫోటోలను ఒకదానితో ఒకటి జతపరుస్తుంది, తర్వాత లోతు పటాలు, ఆపైన త్రీడీ ఉపరితలం. జతపరిచేటప్పుడు రెండూ పోటాపోటీగానే నడిచాయి. లోతు పటాల దగ్గర గ్రాఫిక్స్ చిప్, ప్రాసెసర్ కలిసి వేడెక్కాయి. వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో రెండు ప్రాసెసర్లూ 100 డిగ్రీలు తాకాయి, అది ఇంటెల్ వాటికి పెట్టిన గరిష్ఠ హద్దు. అక్కడినుంచి దారులు వేరయ్యాయి. లావుదాని ఫ్యాన్లు హోరెత్తాయి, ప్రాసెసర్ తన 55 వాట్ల మూల స్థాయి (బేస్ పవర్) చుట్టూ కుదురుకుని ఇక కదల్లేదు. పలచనిది తన 45 వాట్ల మూల స్థాయి దగ్గర కూడా నిలవలేక దిగజారింది, కీబోర్డు మీద వేలు పెట్టలేకపోయాం.

టీ తెచ్చిన సర్వే హెల్పర్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. "గిదేంది సార్, పిండిగిర్ని లెక్క మోగుతాంది!"

మోత నిజమే. దాని పక్కన కూర్చుని ఫోన్ మాట్లాడలేం. ఉపరితలం కట్టే దశలో పలచనిదాని 64 జీబీ మెమరీ చాలక డిస్కు మీద పడింది, ఇక అది నత్తనడకే. 128 జీబీ ఉన్న లావుది ఆ గండం దాటింది. పైగా దాంట్లో ఈసీసీ మెమరీ వేసుకోవచ్చు. రాత్రంతా సాగే లెక్కల్లో ఎక్కడో ఒక బిట్టు తిరగబడినా అది సరిదిద్దుతుంది. రాత్రి బాగా పొద్దుపోయాక, కొంత చల్లబడ్డాక, అదే పని మళ్లీ పెట్టి చూశాం. పలచనిది తెప్పరిల్లింది, తేడా సగానికి సగం తగ్గింది. అంటే మధ్యాహ్నం దాన్ని ఓడించింది చిప్ కాదు, లోపలి వేడిని బయటికి తోయలేని దాని సన్నదనం. కూలర్ ఎదురుగా పెడదామన్నారెవరో. తడిగాలి, బొగ్గుదుమ్ము కలిసి ఫ్యాన్ల జాలీలో పేరుకుంటే బురదే, వద్దన్నాను.

లావుదాన్నే కొన్నాం. హైదరాబాద్‌లో ఏసీ గదిలో డిజైన్లు గీసుకునేవాళ్లకి పలచనిదే సుఖం, నడుమూ నొప్పెట్టదు. మీరు కొనబోయేది బయట వాడడానికైతే మటుకు డీలర్‌ని ఏసీ ఆపమనండి. ఆపనంటే, కనీసం ఆ పది నిమిషాల గడువు తీసేయనివ్వకండి.