కబుర్లాడుకుంటూ నడవండి

ప్రియమైన పాఠకులకు,



విశాఖవాళ్లం మేం ఏడాదికి ఒక్కసారి గొప్పగా నడుస్తాం. ఆషాఢ పున్నమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి హనుమంతవాక, అప్పుఘర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టి మళ్లీ అక్కడికే చేరాలి. 32 కిలోమీటర్లు. లక్షల మంది, చాలామటుకు చెప్పుల్లేకుండా, రాత్రంతా నడుస్తూనే ఉంటారు. అరవై దాటిన అమ్మమ్మలుంటారు. మామూలు రోజుల్లో సందు చివరి పాలబూత్‌కి కూడా బండి తీసే బాబాయిలుంటారు. మర్నాడు బొబ్బలెక్కిన పాదాలకు కొబ్బరినూనె రాసుకుని, నాలుగు రోజులు కుంటుకుంటూ తిరిగి, ఆ పైన మళ్లీ ఆషాఢం దాకా ఆటో ఎక్కేస్తాం.

సింహాచలం అప్పన్న స్వామి మీద ఫిర్యాదు కాదిది. ఆ కాళ్లూ ఇవే కదా, 32 కిలోమీటర్లు నడిచినవి మిగతా రోజుల్లో రెండు కిలోమీటర్లకు ఎందుకు మొరాయిస్తున్నాయని నా సందేహం. అడిగితే అందరూ ఒకటే అంటారు, బద్ధకం అని. నేను ఒప్పుకోను. బద్ధకస్తులు రాత్రంతా నడవరు. ఆ ఒక్కరోజు రోడ్డు నడిచేవాళ్లది. బళ్లను పక్కదారి పట్టిస్తారు. అడుగడుగునా మజ్జిగా, మంచినీళ్లూ, పులిహోరా చేతికందిస్తారు. పక్కన మనవాళ్లుంటారు. అన్నిటికీ మించి, అర్ధరాత్రి వీధిలో కనిపించిన ఆడమనిషిని "ఈ వేళప్పుడు ఎక్కడికి?" అని ఒక్కరూ నిలదీయరు. మిగతా రోజుల్లో ఇవేవీ ఉండవు. లోపం మన కాళ్లలో లేదు, వీధిలో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మగవాళ్లలో నూటికి 42 మంది, ఆడవాళ్లలో 57 మంది. చాలినంత అంటే అదేమీ కుస్తీపట్లు కాదు, వారానికి 150 నిమిషాల చురుకైన నడకో, అంతటి మరో పనో. అంటే వారానికి అయిదు రోజులు, రోజుకో అరగంట. "ఇంటిచాకిరీ ఉండగా ఆడవాళ్లకి వేరే వ్యాయామమెందుకు?" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లకు తెలియాల్సిన సంగతి, ఒళ్లు అలిసే ఇంటిపనిని కూడా కలుపుకున్నాకే ఆ 57 తేలింది. రోలూ, తిరగలీ, నూతి చేదా ఉన్న రోజుల్లో ఇంటిపనికి చెమట పట్టేది. అవి పోయినందుకు నాకు రవ్వంత విచారం లేదు. మా నాయనమ్మ వడ్లు దంపింది ఆరోగ్యం కోసం కాదు, గత్యంతరం లేక. ఇప్పటి పని పొయ్యి ముందూ సింకు ముందూ గంటలకొద్దీ నిలబడటం. నడుం పీకుతుంది, కాళ్లు లాగుతాయి, గుండెకు మాత్రం పని పడదు. అలసట వేరు, వ్యాయామం వేరు.

మరి పొద్దున్నే నడవొచ్చు కదా? మా ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్లు ఆపేస్తారు, నడిచేవాళ్లకు హాయి. కానీ సరిగ్గా ఆ వేళకే ఇంట్లో టిఫినూ క్యారియర్లూ సిద్ధం కావాలి. కాబట్టి మగ పాఠకులకు చిన్న మనవి. వారంలో మూడు పొద్దులు పచ్చడి మీరు నూరండి. మిక్సీలోనే లెండి, రోట్లో నూరమనడం లేదు.

ఎంత వేగంగా నడవాలని చాలామంది అడుగుతుంటారు. దీనికి డాక్టర్లు చెప్పే కొలత నాకు భలే నచ్చింది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట కూడా పాడగలిగితే మరీ నెమ్మది. మాటకే ఆయాసం వస్తే మరీ జోరు. చేతికి గడియారం అక్కర్లేదు, ఫోనులో అంకెలు అక్కర్లేదు, పక్కన కబుర్లు చెప్పే మనిషి ఉంటే సరి. రోజుకు పదివేల అడుగులని మనవాళ్లు పట్టుకున్నారే, అది ఏ వైద్యుడూ రాసిన చీటీ కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి పెట్టిన పేరులోంచి వచ్చిన అంకె. పదివేలు నడిస్తే మంచిదే. నాలుగువేలతో ఆగిపోయామని దిగులుపడి మర్నాడు మానెయ్యడం మంచిది కాదు.

శ్రమకూ గుండెకూ ఉన్న లంకె కూడా పరుగు పందాల్లో బయటపడింది కాదు, బస్సులో బయటపడింది. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్‌లో డబుల్ డెకర్ బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. డ్రైవరు డ్యూటీ అంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ మేడ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. ఒకే బస్సు, ఒకే ఊరు. అయినా గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. 1953లో ఆ సంగతి అచ్చయింది. మోరిస్ తానూ ఆ మాట పాటించాడు, 99 ఏళ్లు బతికాడు. ఆ కండక్టర్లెవరూ వ్యాయామం చేస్తున్నామని అనుకుని ఉండరు, గమనించండి.

అలా అనుకోకుండానే చేసేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. సాయంత్రం ఏ రామాలయం ముందుకైనా వెళ్లి చూడండి. నలభైలూ యాభైలూ దాటిన ఆడవాళ్లు ఒకే రంగు చీరల్లో కోలాటం సాధన చేస్తుంటారు. గంటసేపు వంగడం, తిరగడం, ఎగరడం, కర్ర తాళం తప్పకుండా పక్కావిడ కర్రకు తగిలించడం. ఒంటికి పని, చేతికీ కంటికీ పొందిక, అడుగుల వరస గుర్తుంచుకోవాలి కాబట్టి బుర్రకూ పని. (పాట గురువుగారు పాడతారు కాబట్టి డాక్టర్ల కొలతకూ భంగం లేదు.) ఏ జిమ్ముకూ రుసుం కట్టని ఈ ఆడవాళ్లు పండక్కి పక్క ఊళ్లోనో తిరుమల మాడవీధుల్లోనో ఆడటానికి నెలల తరబడి సాధన చేస్తారు. ఒక రోజు రాకపోతే రెండోరోజు ఎవరో ఇంటికొచ్చి తలుపు తడతారు. నా దృష్టిలో అసలు మందు అదే, ఆ తలుపు తట్టడం. తెలంగాణలో బతుకమ్మ పండగ రోజుల్లో వాడవాడలా ఆడవాళ్లు ఇలాగే గుంపుగా చేరి ఆడతారు. పండగ తర్వాత కూడా ఆ గుంపు చెదిరిపోకుండా వారానికి రెండు సాయంత్రాలు కలుసుకుంటే ఎవరు కాదంటారు?

మగపిల్లల విషయానికొస్తే, ఒకప్పుడు మా ఉత్తరాంధ్రలో వీధివీధికో తాలింఖానా, అంటే కసరత్తుల శాల, ఉండేదని పెద్దవాళ్లు చెప్పేవారు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు ఆ కసరత్తుల్లోంచే వచ్చి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు స్టేడియాలున్నాయి, వీధిలో జాగా లేదు. చెడుగుడు ఆడాలన్నా, ఏడుపెంకులాట ఆడాలన్నా కాస్త మన్ను కావాలి కదా. అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా పిల్లలకు సగటున రోజుకో గంట ఒళ్లు కదిలే ఆట కావాలని అదే ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనవాళ్లేమో అపార్టుమెంటులో నడిపే కాలేజీలో చేర్పించి, ఆదివారం కూడా పరీక్ష పెడుతున్నారని గర్వంగా చెప్పుకుంటారు. ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ. చేర్పించేముందు ఫీజుతో పాటు "మైదానం ఎక్కడుంది?" అని అడగండి. నలుగురు తల్లిదండ్రులు అడిగితే సిగ్గుకైనా జవాబు చెబుతారు. సర్కారు బడి మైదానాలు మీ ఊళ్లో సాయంత్రం తాళాలేసి ఉంటే, బడి కమిటీనీ పంచాయతీనీ కలిసి రెండు గంటలు తెరిపించండి.

పెద్ద వయసు పాఠకులకు ఒక్క మాట. నడక ఒక్కటే చాలదు, కండకు బలమూ కావాలి. వారానికి కనీసం రెండుసార్లు, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవండి, కూర్చోండి. గోడ పట్టుకుని మునివేళ్ల మీద నిలబడండి. కింద పడకుండా కాపాడేది ఆ బలమే. షుగరున్నవాళ్లు అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే రక్తంలో చక్కెర ఎగబాకడం తగ్గుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, చక్కెర మరీ పడిపోతే నోట్లో వేసుకోవడానికి, జేబులో ఓ బెల్లంముక్క ఉంచుకోండి. గుండె జబ్బు ఉన్నా, నడిస్తే ఛాతీలో నొప్పి వస్తున్నా ముందు డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టండి.

నడుద్దామంటే వీధిలైట్లు వెలగవు, ఫుట్‌పాత్ మీద బజ్జీల బండి, మలుపులో కుక్కలు. ఇవన్నీ నిజమే, నేను కాదనను. ఒక్కరే వెళ్లి వార్డు మెంబరుకు చెబితే విని ఊరుకుంటాడు. రోజూ ఎనిమిదిమంది ఆడవాళ్లు అదే చీకటి వీధిలో నడుస్తూ ఎనిమిది గొంతులతో అడిగితే లైటు వెలుగుతుంది. ఎనిమిదిమంది కలిసి పోతుంటే కుక్కలు కూడా ఆలోచించుకుంటాయి. బజ్జీల బండి సంగతి మాత్రం మీ విజ్ఞతకే వదిలేస్తున్నాను.

కాబట్టి ఈ వారం నా కోరిక ఒక్కటే. రేపు సాయంత్రం ఎదురింటి వదినగారి తలుపో, పైఅంతస్తులో మాస్టారి తలుపో తట్టి "ఒక్క చుట్టు తిరిగొద్దాం రండి" అని పిలవండి. మీ వీధిలో ఇప్పటికే ఇలాంటి గుంపు ఉంటే, ఎలా మొదలైందో, ఎక్కడ నడుస్తున్నారో, ఏమి అడ్డు వచ్చిందో నాకు రాయండి. వచ్చే ఉత్తరంలో నా మాటలు తగ్గించి మీ మాటలే వేస్తాను.

ఇట్లు
మీ సంపాదకురాలు
విశాఖపట్నం